ఏ వెలుతుర్ల కడ్తవు చెల్లె?

మా అన్న మురళీమోహన్ చివరిగా చేసిన మామూలు పని, పక్కింటి మారెమ్మ చీరెకు దారం చూసి చెప్పనని అనడం.

ఆదివారం పొద్దున. అన్న గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మారెమ్మ కొత్త చీరెకు ఫాల్ కుట్టుకోవడానికి మూడు దారపు ఉండలు పట్టుకొచ్చింది.

“మురళన్నా, వీటిల్ల ఏది కలుస్తదో జర చూడు.”

అన్న చీరె అంచు పట్టుకుని గల్లీలో వెలుతురు బాగా ఉన్న చోటికి నడిచాడు. ఒక్కో ఉండలోంచి ఒక్కో పోగు లాగి అంచు మీద పక్కపక్కనే పరిచాడు. అంతవరకు ఎప్పటిలాగే. ఆ తర్వాత చేయి వెనక్కి తీసుకున్నాడు.

“నువ్వే చూసుకో.”

“గదేంది! నల్లగొండల సగం మంది జాకెట్లు చూసినోనివి, నా దారం పోగు చూడవా? నేనేమన్న మొక్కు చెల్లియ్యాల్నా నీకు?”

“నీ కండ్లు మంచిగున్నయి మారెమ్మా. చీరె మీద ఏ పోగు కనపడకుంట పోతదో గదే నీ దారం.”

ఆమె కాసేపు చూసి నడిమిది తీసుకుంది. అన్న అవుననలేదు, కాదనలేదు. ఖాళీ గ్లాసు వదినకిచ్చి, ఛాతీలో మంటగా ఉందని లోపలికి వెళ్లి పడుకున్నాడు. మధ్యాహ్నం దవాఖానకు తీసుకుపోయేసరికి ఏం మిగల్లేదు.

రంగు చూసి చెప్పడమే పనిగా సగం జీవితం బతికిన మనిషి, ఆ మాట చెప్పడం మానేసి అప్పటికి ఏడాది దాటింది. ఎందుకు మానేశాడో రాస్తున్నాను.

చండూరు దగ్గర మా ఊళ్లో మాది మగ్గమున్న ఇల్లు. బాపు బిక్షం నూలుకు రంగులద్దేవాడు, నేసేవాడు. అమ్మ వెంకటనర్సమ్మ కండెలు చుట్టేది. మగ్గం పైన ఒకటే బల్బు, పచ్చగా వెలిగేది. దాని కింద ముదురు నీలం నల్లగా, వంకాయ రంగు ఎర్రమట్టిలా కనపడేవి. అందుకే బాపు తొట్టిలోంచి తీసిన నూలును బల్బు కింద చూసేవాడు కాదు. ఆరేదాకా ఆగి, పొద్దెక్కాక చూరు నీడలో నిలబడి చూసేవాడు. నేరుగా ఎండలో చూసినా కళ్లు చెదిరి రంగు పలచబడుతుందనేవాడు. అన్నను పక్కన నిలబెట్టుకుని “గిది నిన్నటిదే రంగా, కాదా?” అని అడిగేవాడు. అన్న బళ్లో నేర్చినదానికంటే ఆ చూరు కింద నేర్చిందే ఎక్కువ.

బాపు కూడా ఒకసారి తప్పాడు. ముసురు పట్టి కరెంటు పోయిన రోజుల్లో, తొందరలో కందిలి వెలుగుకే నూలు చూసి మగ్గమెక్కించాడు. వాన తెరిపిచ్చేసరికి చీరె సగమైంది. నెమలి మెడ రంగనుకున్నది చిలకపచ్చగా తేలింది. బాపు నేత ముగించి, ఆ చీరెను అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని ఊళ్లో అందరి ముందూ కట్టుకుని, అడిగినవాళ్లకు “మా ఆయన కందిలి పెట్టి నేసిండు, చీకట్ల చూడుండ్రి, మస్తుంటది” అని చెప్పేది. తప్పును నవ్వులో కలిపేయడం అమ్మకు వచ్చు. అన్నకు ఆ గుణం రాలేదు.

బాపు పోయాక మగ్గం మీద పూట గడవలేదు. అన్న, వదిన నల్లగొండ వచ్చి గడియారం సెంటర్ వైపు గల్లీలో కిరాయికి దిగారు. వదిన కొల్లాపూర్ మనిషి, ఆమె పుట్టింట్లోనూ మగ్గాలు ఆగిపోయినవే. అన్న శ్యామలమ్మ మ్యాచింగ్ షాపులో కుదిరాడు. చీరె తెచ్చి చూపిస్తే దానికి సరిపడే జాకెట్ బట్ట, ఫాల్, లంగా చూసి ఇచ్చే షాపు. గోడల నిండా అరలు, అరల నిండా బట్ట తాన్లు. ఒక్క ఆకుపచ్చలోనే తెలియనివాళ్లకు ఒకేలా కనిపించే తాన్లు అర నిండా ఉండేవి.

అన్న చీరె చేతిలోకి తీసుకున్నాక మొదట అడిగే మాట రంగు గురించి కాదు.

“ఏ వెలుతుర్ల కడ్తవు చెల్లె?”

ఒకామె మొహం చిట్లించింది. “నేను జాకెట్ బట్టకొచ్చిన. కరెంటాఫీసుకు గాదు.”

“లగ్గం పగలా, రాత్రా?”

“పగలే.”

“పందిట్లనా, ఫంక్షన్ హాల్లనా?”

“షామియానా ఏస్తరు. నీకెందుకయ్యా, భోజనానికొస్తవా?”

“ఎర్రదా?”

“ఎర్రదే.”

“మరి గీ ఆకుపచ్చ జాకెట్ తీస్కపోతివనుకో, ఎర్ర షామియానా కింద నల్లగ కొడ్తది. ఫొటోల అమాసనాడు పుట్టినట్టుంటవు. గీ లేతది తియ్యి, కొంచెం నయం.”

ఆమె నవ్వాపుకుంటూ లేతదే తీసుకుంది.

రాత్రి హాల్లో పెళ్లంటే పసుపు దీపాల లెక్క వేరు. గులాబీలు నారింజకు తిరుగుతాయి, ఊదాలు చచ్చిపోతాయి. ట్యూబులైటు కింద ఎరుపు పాలిపోతుంది, మనుషుల మొహాలు కూడా. షాపులో అప్పుడు ట్యూబులైట్లే. అందుకని అన్న తాను, చీరె రెండూ పట్టుకుని గడప దాటి రోడ్డు మీదికి వచ్చి చూపించేవాడు. చూపించాకే కత్తెర తీసేవాడు. చీకటిపడ్డాక వచ్చినవాళ్లతోనే తంటా. రోడ్డు మీద అప్పటి వీధిదీపాల కింద అన్ని రంగులూ పసుపో నలుపో అయ్యేవి. ఒకాయన భార్య కోసం బట్ట కొని బయటికి రాగానే అరిచాడు. “మురళన్నా, లోపల మెరూన్ చూపించి బయటికొస్తే బొగ్గు ముక్కనిచ్చినవు!”

“నేను మార్చలే. గా స్తంభాన్నడుగు. పొద్దున లేచి చూసుకో, నచ్చకుంటే నేనే కట్టుకుంట.”

పొద్దున ఎవరూ తిరిగి రాలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు రోడ్డు వెడల్పు చేశారు. షాపు ముందు అరుగు పోయింది. శ్యామలమ్మ కొడుకు పగ్గాలు తీసుకుని అద్దాల తలుపు, ఏసీ, కప్పు నిండా ఎల్ఈడీ పలకలు పెట్టించాడు. షాపు మిఠాయి దుకాణంలా మెరిసింది. ఆ వెలుగులో కొంచెం పసుపు కలిసి ఉండేది, దాని కింద అన్ని బట్టలూ అందంగా కనిపించేవి. అందుకే అది పెట్టించాడు. బట్ట గడప దాటి బయటికి తీసుకుపోకూడదన్న నియమం కూడా పెట్టాడు. రద్దీలో తాన్లు మాయమవుతున్నాయట.

అన్న గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. ఆశ్చర్యపోయాను. కారణం వదినకు ముందు తెలిసింది. ఆయన నల్ల ప్యాంటు అనుకుని నీలం ప్యాంటు వేసుకుని పోతున్నాడు. కూరలో పసుపు ఎక్కువైందని రోజూ గొణుగుతున్నాడు. ఎండలోకి వస్తే కళ్ల ముందు పాల నురగ పొంగినట్టు అంతా తెల్లగా చెదిరిపోతుందని చివరికి ఒప్పుకున్నాడు. రోడ్డు మీదికి వెళ్లకూడదన్న నియమం ఆయనకే పనికొచ్చింది.

“కంట్ల పొర, మోతిబిందు అయ్యుంటది, దవాఖానకు పోదం” అంది వదిన.

“పోతే కండ్లు పోయినయని షాపు మొత్తం తెలుస్తది. నన్ను లుంగీల దిక్కు నిలబెడ్తరు. లగ్గాల సీజన్ కానియ్యి.”

ఆ సీజన్‌లోనే కేతేపల్లి నుంచి జానమ్మ వచ్చింది. అంతకుముందు చాలా ఏళ్లుగా ఆమె అన్న దగ్గరే బట్ట తీసుకునేది. కూతురు గ్లోరీ పెళ్లి. సంచిలోంచి తెల్లచీరె తీసి బల్ల మీద పెట్టింది. అంచుకు సన్నని వెండి తీగ.

“అన్నా, గిది నా బిడ్డ పెండ్లి చీరె. జాకెట్టు నువ్వే చూడాలె. నీ పక్క పిలగాండ్లకియ్యకు.”

“చర్చిలనా పెండ్లి?”

“చర్చిల. పొద్దుగాల. తర్వాత బయట షామియానా.”

“షామియానా ఏ రంగు?”

“తెల్లదే. అడుగుతవని తెల్సి చూసొచ్చిన.”

అన్న నవ్వాడు. పొద్దుటి వెలుగు, తెల్ల షామియానా. ఇంతకంటే నిజమైన వెలుతురు ఉండదు. రంగుల్లో దాన్ని మించిన పరీక్ష కూడా ఉండదు. మా ఇంట్లో తెలుపును రంగని ఎవరూ అనుకోలేదు. నూలు రంగులో ముంచకముందు ఉండే స్థితి అది, అంతే. షాపులోకొచ్చాకే అన్నకు తెలుపులో ఎన్ని తెలుపులో తెలిసింది. పాల తెలుపు, వెన్న తెలుపు, ముత్యం తెలుపు. మిల్లు తెలుపులైతే ఎండ తగిలినప్పుడే నీలంగా మెరుస్తాయి, షాపు దీపాల కింద ఆ మెరుపు నిద్రపోతుంది.

ఆ రోజు అన్న ఎల్ఈడీ కిందే చూశాడు. ఒక తాను దించాడు, కాదని పైన పెట్టాడు, రెండోది దించాడు. చీరె మీద పరిచి అరచేత్తో నిమిరాడు. అతుకు కనపడలేదు.

“గిదే” అన్నాడు.

జానమ్మ చూడనైనా చూడలేదు. “నువ్వు చెప్పినంక అయిపాయె” అని బట్ట చినిగే చప్పుడు వినేదాకా నిలబడి, మడత పెట్టించుకుని పోయింది.

ఎండలు ముదిరాక అన్న కుడికన్ను ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు విప్పిన మర్నాడు నేను వెళ్లేసరికి ఇంటి ముందు కుర్చీ వేసుకుని పైకి చూస్తూ కూర్చున్నాడు.

“శ్రీలతా, ఆకాశం గింత నీలమా! ఎవ్వరు చెప్పలేదేందే?”

“ఎప్పుడూ అంతే అన్నా.”

“మీ వదిన చీరె నీలమంట. నల్లదనుకొని ముసలిదానివైనవని రోజు తిడ్తున్న.”

లోపల్నుంచి వదిన అంది. “తిట్టిన తిట్లు వాపస్ తీస్కో ముందుగాల.”

అన్న ఒక్కో కన్ను మూసి, తెరిచి ఆడుకున్నాడు. కుడికన్నుతో గోడ తెల్లన. ఎడమకన్నుతో అదే గోడ పాత కాగితంలా పచ్చన. లోకమంతా ఇన్నాళ్లూ మగ్గం మీది బల్బు కింద చూసినట్టు చూశానన్నాడు. ఆ బల్బు తన కంట్లోనే వెలిగిందన్నాడు. ఆ పూట ఆయన అంత సంతోషంగా ఉన్నాడు.

షాపుకు తిరిగి వెళ్లిన కొద్దిరోజులకే సోమమ్మ అనే ఆమె కోడలి పెళ్లిచీరె తెచ్చింది. జానమ్మ తెచ్చినటువంటిదే, అదే వెండి తీగ. అన్నకు పని సులువైంది. అరలోంచి జానమ్మకిచ్చిన అదే తాను దించి చీరె మీద పరిచాడు. ఎల్ఈడీ కింద ఏదో తేడా అనిపించింది కానీ పట్టుకోలేకపోయాడు. తాను, చీరె రెండూ పట్టుకుని అద్దాల తలుపు దగ్గరికి నడిచాడు. అక్కడ పొద్దుటి వెలుగు పడుతోంది.

చీరె సున్నం వేసిన గోడలా మెరిసింది. దాని పక్కన తాను పచ్చగా ఉంది.

“ఏందయ్యా, నెయ్యి పూసినవా గీ బట్టకు?” అంది సోమమ్మ.

అన్న కుడికన్ను మూశాడు. ఎడమకన్నుకు రెండూ ఒకటే తెలుపు. తెరిచాడు. వేరువేరు. మళ్లీ మూశాడు, తెరిచాడు. సోమమ్మ భయపడింది. “కండ్లు తిరుగుతున్నయా? జర కూసో” అంది. ఆయన ఇంకో తాను చూసి, ఆమెకు ఇచ్చి పంపాడు. తర్వాత శ్యామలమ్మ దగ్గరికి వెళ్లి ఇక మీదట తనను మ్యాచింగ్ దగ్గర నిలబెట్టవద్దన్నాడు.

“పిచ్చా మురళీ? ఇప్పుడే గద కన్ను మంచిగైంది.”

“మంచిగైంది గనుకనే తెల్సిందమ్మా.”

ఆమె ఎంత చెప్పినా వినలేదు. వెనక గోదాములో తాన్లు మడత పెట్టే పని అడిగి తీసుకున్నాడు. ఎడమకన్ను ఆపరేషన్‌కు రమ్మని పిలిచినా వెళ్లలేదు. రెండోదీ బాగైతే తానేం చూశాడో తనకే గుర్తుండదన్నాడు.

గ్లోరీ పెళ్లి అప్పటికే అయిపోయింది. ఆయన్ను తినేసింది ఒకటే ప్రశ్న. పెళ్లినాడు పొద్దుటి ఎండలో, తెల్ల షామియానా కింద, అందరి కళ్లూ తన మీద ఉన్న వేళ, ఆ పిల్ల పచ్చని జాకెట్‌తో నిలబడిందా? మగపిల్లవాడి తరఫువాళ్లు నవ్వారా? జానమ్మ ఏమని సర్దిచెప్పుకుంది?

“ఫోన్ చేసి అడుగు” అన్నాను.

“ఏమని? మీ బిడ్డ పెండ్లి ఖరాబైందా అనా?”

“పోయి కలువు.”

ఒకసారి పోయాడు కూడా. కేతేపల్లిలో బస్సు దిగి, వాళ్ల వాడ దాకా నడిచి, ముందు గదిలో పెళ్లి ఫొటో వేలాడుతూ ఉంటుందేమోనన్న ఆలోచన రాగానే తిరిగి వచ్చేశాడు. ఫొటోలో రంగు తేడా తెలిసిపోతుందని కాదు, తెలియకపోయినా దాని ముందు జానమ్మ మొహం చూడాల్సి వస్తుందని.

తర్వాత జానమ్మే షాపుకు వచ్చింది. గ్లోరీకి బిడ్డ పుట్టింది, బాప్తిస్మానికి గౌను బట్ట కావాలి. గోదాము తలుపు సందులోంచి అన్న ఆమెను చూశాడు. “మురళన్న లేడా?” అని ఆమె అడగడం విన్నాడు. తాన్ల వెనక నిలబడి, లేనని చెప్పమని శ్యామలమ్మకు చేత్తో సైగ చేశాడు. జానమ్మ చాలాసేపు కూర్చుంది. వేరేవాళ్లు చూపిస్తామంటే వద్దంది. ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది.

“చూసినవా, నిలదీయనీకే వచ్చింది” అన్నాడు ఆ సాయంత్రం నాతో.

“గౌను బట్టకొచ్చిందట కదన్నా.”

“గౌను బట్ట గా ఊర్ల దొరకదా?”

ఆ మాట మీదే ఉండిపోయాడు. ఇంట్లో చీరెలు, చొక్కాలు కొనేటప్పుడు కూడా రంగు గురించి ఒక్క మాట అనేవాడు కాదు. బట్టను వెలుతురులో పెట్టి, ఎదుటివాళ్లనే చూసుకోమనేవాడు. ఆదివారం పొద్దున మారెమ్మ దారం దాకా అదే.

దశదినకర్మ అయిన తర్వాతి వారం జానమ్మ అన్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మళ్లీ షాపుకు వెళ్తే శ్యామలమ్మ చెప్పిందట. వదిన పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆమె వచ్చింది దేనికో అడగకుండానే, అన్న ఇన్నాళ్లూ ఎందుకు తప్పించుకున్నాడో నేను చెప్పాను. తెల్లతాను సంగతి, కంటి సంగతి, గోదాము తలుపు సంగతి.

జానమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నన్ను అర్థం కానట్టు చూసింది.

“పచ్చగ ఉన్నదా? ఉండచ్చు. నేనెక్కడ చూసిన? మేము ఆదివారం ఆదివారం తెల్లచీరెలు కట్టేటోల్లం. కొత్త తెల్లబట్ట ఏది తెచ్చినా ముందుగాల నీలిమందుల ముంచుడే, పసుపు ఛాయ పోవాలని. చీరె, జాకెట్ ముక్క రెండు కల్పి ఒక్క బకెట్లనే ముంచిన, ఒక్క తీగె మీదనే ఆరేసిన. గంటకు చూస్తే ఏది చీరెనో ఏది ముక్కనో తెల్వలే. గప్పుడు కుట్టనిచ్చిన. ఏం, మీ ఇండ్లల్ల ముంచరా?”